భట్టీ కాడి సాక్షి

దొరికిన శవం కన్నా దొరకని రైలే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. అపరాధ పరిశోధన నవలల గురించి రాస్తూ, సభల్లో మాట్లాడుతూ నా ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం గడిచింది. హంతకుడు ఎవరన్నది చివరి పేజీల్లో రచయితే చెప్తాడు, దానికి నా అవసరం లేదు. కానీ ఆ హంతకుడు ఎక్కిన బండి నిజంగా ఆ వేళకు ఆ స్టేషన్లో ఆగుతుందా, కత్తి కడుక్కుని, చొక్కా మార్చుకుని, గోడ దూకి ఆ బండిని అందుకోగలడా అన్నది ఎవరో ఒకరు కూర్చుని లెక్క కట్టాలి. ఆ ఎవరో నేనయ్యాను. దీనికోసం పాత రైల్వే టైంటేబుళ్ళు కూడా కొని అటక మీద పెట్టుకున్నాను.

పుస్తకాల మీద వీడియోలు చేసే పిల్లలు కొందరు ఈమధ్య, దీంతో బతుకు ఎట్లా వెళ్ళదీశారు సార్ అని అడుగుతున్నారు. నేను పెద్దగా చదువుకోలేదు. ఇంటర్ సగంలో ఆపేసి లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో చేరాను. డజన్లు, పగిలినవి, వాపసు వచ్చినవి నోటితో లెక్క కట్టడం అక్కడ నా అంతట నేనే నేర్చుకున్నాను. మధ్యాహ్నం గిరాకీ పలచబడిన పూట, అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చిన పాకెట్ నవలలు గాజుల డబ్బాల వెనక పెట్టుకుని చదివేవాణ్ణి. లెక్కల అలవాటు కథలకూ పాకింది. ఒక నవలలో డిటెక్టివ్ ఒకే సాయంత్రం చార్మినార్ దగ్గర చాయ్ తాగి, గోల్కొండలో దొంగను పట్టుకుని, సికింద్రాబాద్‌లో సినిమా మొదటి ఆట మొదటినుంచీ చూశాడు. ఇది ఎట్లా కుదురుతుందని ఒక పత్రికకు రాశాను. ఆదివారం పేజీ చూసే ఆయనకు అది నచ్చి ఇంకోటి రాయమన్నాడు. ఆ ఇంకోటి చాలా ఏళ్ళు నడిచింది. తర్వాత గ్రంథాలయాలూ కాలేజీలూ పిలవడం మొదలైంది. మా దుకాణం సేటు మాత్రం చివరిదాకా "ఏం భాయ్, ఈ హప్తా ఎవర్ని చంపుతున్నవ్" అనే పలకరించేవాడు.

ఇప్పుడు ఆ ఆదివారం పేజీ లేదు, నా శీర్షికా లేదు. కాబట్టి ఒక్క సంగతి తీరిగ్గా చెప్పుకోవచ్చు.

సభలకు జనం వచ్చేది నేను మెచ్చుకుంటే వినడానికి కాదు. ఈసారి ఎవరి తప్పు దొరికిందో తెలుసుకోవడానికి. చప్పట్లు అక్కడే పడేవి. అట్లాంటి నేను ఒక్క నవలను మాత్రం ఎక్కడికి వెళ్ళినా నెత్తిన పెట్టుకునేవాణ్ణి. లెక్క తప్పని తెలుగు డిటెక్టివ్ నవల ఒకటైనా ఉందా అని అడిగితే ఉంది అని దాని పేరు చెప్పేవాణ్ణి. గాజుల దుకాణం రోజుల్లో చదివింది. నా దగ్గరున్న ప్రతిని చెదలు తినేశాయి. అద్దె దుకాణం మూతపడింది. ఆ నవల మళ్ళీ దొరకలేదు, నేను మళ్ళీ చదవలేదు. అయినా దాని గురించి చెప్తూనే ఉన్నాను.

కథ ఇదీ. లాడ్ బజార్‌లో లక్క గాజుల వ్యాపారి ఒకడు తన దుకాణంలోనే హత్య అవుతాడు. శవం శనివారం గానీ బయటపడదు. కేసు చూసే ఇన్‌స్పెక్టర్‌కు అనుమానం బావమరిది మీద. కానీ శుక్రవారం తెల్లవారేసరికి అతను వరంగల్‌లో ఒక పెళ్ళింట్లో ఉన్నాడు. ఆ రోజూ ఆ రాత్రీ అక్కడినుంచి కదల్లేదు. పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ సాక్షులే. పక్క సందులో భట్టీ దగ్గర లక్క కాచి గాజులు వంచే పనివాడు ఒకడు, బావమరిదిని దుకాణం వెనక చూశానని చెప్తాడు. అతని మాట ఆధారంగా డిటెక్టివ్ ముడి విప్పుతాడు. బావమరిది గురువారం రాత్రి హత్య చేసి, నాంపల్లిలో ఆఖరి బండి ఎక్కి, తెల్లవారకముందే వరంగల్‌లో దిగాడు. ఆ బండి సంగతి నేను ప్రతి సభలో చెప్పేవాణ్ణి. వేళ అంత బాగా అతికింది.

ఆ నవల మీద మగవాడి పేరు ఉండేది. ఆ రచయిత ఎప్పుడో పోయి ఉంటాడనే అందరం అనుకున్నాం. పాత నవలలు మళ్ళీ వేసే ఒక ప్రచురణకర్త ఆ పేరు వెనక మనిషిని వెతుక్కుంటూ వెళ్తే, బహదూర్‌పురాలో బర్రెల కొట్టం పక్కన మంచం మీద కూర్చుని పాల గిన్నెలు లెక్కపెట్టుకుంటున్న ఒక పెద్దామె కనిపించింది. ఆమెకు ఎనభై దాటాయి. ఆమే రచయిత.

పెళ్ళయి పాల వ్యాపారం చేసే ఆ ఇంటికి వచ్చింది. పగలంతా పని, మధ్యాహ్నం రాత. పెనిమిటికి తెలుసు. అత్త మాత్రం కోడలు పాల లెక్కలు రాస్తోందనుకునేది. మరిది సైకిల్ మీద పాల క్యాన్లతో పాటు రాతప్రతిని కూడా ప్రెస్సుకు మోసుకుపోయేవాడు. ఆడమనిషి ఖూనీలు రాస్తే ఎవరు కొంటారని ఆనాటి ప్రచురణకర్తే మగపేరు తగిలించాడట. ఇప్పుడు ఈ కొత్త ముద్రణ మీద మొదటిసారి ఆమె సొంత పేరు వేస్తున్నారు. ఆవిష్కరణ సభ పెట్టారు. ముఖ్య వక్తను నేనే.

సభకు పది రోజులుందనగా కొత్త ప్రతి ఇంటికి పంపారు. దాచుకుని దాచుకుని చదివాను. భట్టీ పనివాడి సాక్ష్యం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. "శుక్రవారం రాత్రి భట్టీ ఆర్పి ఇంటికి పోతుంటె దుకాణం వెనక బావమరిదిని చూసిన" అని ఉంది.

శుక్రవారం రాత్రి బావమరిది వరంగల్‌లో ఉన్నాడు. పెళ్ళి భోజనాల్లో వడ్డిస్తున్నాడు.

ముందు నేనే తప్పు చదివాననుకున్నాను. కాగితం తీసుకుని రోజులు రాసి, ఎవరెక్కడున్నారో కింద వేశాను. మళ్ళీ వేశాను. ఎట్లా వేసినా సాక్షి అబద్ధమాడినట్టే తేలింది. సాక్షిది అబద్ధమైతే బావమరిది నిర్దోషి. డిటెక్టివ్ చివర్లో ఏ పాపం ఎరగనివాణ్ణి జైలుకు పంపినట్టు. నాకు తెలిసిన ఒకే ఒక్క మచ్చలేని నవల నిలువునా కూలిపోయింది.

ఆ తర్వాత కొన్ని రోజులు తిండి సరిగ్గా దిగలేదు. నా మాట పోతుందన్న బాధ ఉంది, లేదనను. ఇన్నేళ్ళు ఊరంతా తిరిగి చెప్పినవాడు చిన్నతనంలో లెక్క కట్టకుండానే మురిసిపోయాడని తేలుతుంది. కానీ దాన్ని మించిన ఫికర్ ఇంకోటుంది. ఎనభై దాటాక మొదటిసారి సభలో తన పేరు వినబోతున్న మనిషి ముందు నేను ఏం మాట్లాడాలి? తప్పు ఉందని చెప్తే ఆమె పేరు బయటికి వచ్చిన రోజే పరువు పోతుంది. లేదని చెప్తే, నా ఇన్నేళ్ళ పనికి అర్థం లేదు. అప్పటిదాకా నేను ఎవరి తప్పునూ చూసి వదిలెయ్యలేదు. జ్వరమని చెప్పి మానేద్దామా అని కూడా ఆలోచించాను.

చివరికి బుధవారం పొద్దున ఆటో ఎక్కి బహదూర్‌పురా వెళ్ళాను. తిన్నగా అడిగే ధైర్యం లేదు. సభలో ఏమేం చెప్పాలో కనుక్కోవడానికి వచ్చానని చెప్పాను.

ఆమె నన్ను కాసేపు చూసి, "ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్? నా పుస్తకంల సచ్చినోడు ఎవడన్న లేచొచ్చిండా?" అంది.

నవ్వడానికి ప్రయత్నించాను. మాటల్లో మాటగా భట్టీ పనివాడి సంగతి కదిపాను. అతను ఏ రోజు చూశానన్నాడో గుర్తుందా అమ్మా అని అడిగాను. గీ వయసుల ఏం యాదికుంటది, బర్రెల పేర్లే మర్చిపోతున్న అంది. ఇంక అడగలేకపోయాను. కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు గేటు దగ్గర స్కూటర్ ఆగింది. ఇంజన్ ఆపకుండానే ఒకాయన కేకేశాడు. "అమ్మా, కల్ జుమేరాత్ హై. ఘర్ మే నియాజ్ హై. దూద్ జ్యాదా హోనా."

పెద్దామె అట్లాగే అని చెయ్యి ఊపి, లోపలికి తిరిగి కోడలితో, "రేపు బేస్తారం వాళ్ళింట్ల ఫాతెహా చదివి అందరికి పెడ్తరట. పాలు ఎక్కువ తీసిపెట్టు" అంది.

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

మా పాతబస్తీలో పుట్టినవాడికి బేస్తారం అన్నా జుమేరాత్ అన్నా గురువారమే. దీనికి ఆలోచన అక్కర్లేదు. గురువారం పొద్దుగూకగానే జుమ్మా రాత్రి వచ్చేసినట్టు. ముసల్మానుల లెక్కలో సూర్యుడు మునిగితే రోజు మారుతుంది. అందుకని ఆ రాత్రి పేరే ఆ రోజుకు వచ్చింది. వారం వారం గురువారం నాడు జరిగే జుమేరాత్ బజార్‌కు నేను చిన్నప్పటినుంచీ వెళ్తున్నాను. మాటను ముక్కలు చేసి చూసినవాడికి మాత్రం అందులో శుక్రవారం కనిపిస్తుంది, రాత్రి కూడా కనిపిస్తుంది.

"అమ్మా, ఆ భట్టీ ఆయన శుక్రవారం రాత్రి అన్నడా, జుమేరాత్ అన్నడా?"

ఆమెకు నా ప్రశ్నే వింతగా తోచింది. "భట్టీ కాడ గాజులు వంచెటోడు శుక్రవారం అంటడా బిడ్డా? గదేం మాట? ఆని నోట్లె జుమ్మా, జుమేరాత్, పీర్, మంగళ్. ఆనితోని శుక్రవారం అనిపిస్తె మా గల్లీల నవ్వుతరు."

గల్లీలో నవ్వుతారు. నా కాగితం మీద వేసిన లెక్కలన్నింటి కన్నా ఈ మాట నాకు గట్టి ఆధారంగా కనిపించింది. అయినా అలవాటు పోదు గదా. కొట్టం పక్కకు వెళ్ళి ప్రచురణ సంస్థలో ఆ పుస్తకం చూసిన కుర్ర సంపాదకుడికి ఫోన్ చేశాను. గోదావరి జిల్లా అబ్బాయి. బాగా చదువుకున్నవాడు, అచ్చుతప్పు కనిపిస్తే నిద్రపోని రకం. పాత ప్రతి ఫొటోలు వాళ్ళ దగ్గరున్నాయి. సాక్ష్యం ఉన్న పేజీ చూసి చెప్పమన్నాను.

ఒక్క నిమిషం సార్ అన్నాడు. ఆ నిమిషం సాగింది.

"పాత ప్రతిలో జుమేరాత్ అని ఉందండి," అన్నాడు చివరికి. "ఉర్దూ మాటలు తగ్గించమన్నారని నేనే మార్చాను. కష్టమైన మాటలన్నిటికీ నిఘంటువు చూశానండి. దీనికి చూడలేదు. జుమ్మా అంటే శుక్రవారం, రాత్ అంటే రాత్రి. రెండూ తెలిసినవే కదా అనుకున్నాను."

సాక్షి నిజమే చెప్పాడు. గురువారం రాత్రి చూశాడు. బావమరిది ఆ రాత్రే బండి ఎక్కాడు. అంతా మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంది. ఫోన్ జేబులో పెట్టుకునేసరికి విపరీతంగా ఆకలేసింది. కోడలు జొన్నరొట్టె, వంకాయ కూర పెడితే మారు అడిగి తిన్నాను. పెద్దామె నన్ను చూసి, వచ్చినప్పుడు జ్వరమొచ్చినోని లెక్క ఉన్నవ్, ఇప్పుడు పెండ్లికొచ్చినోని లెక్క తింటున్నవ్ అంది. అసలు సంగతి అప్పుడే చెప్పలేదు. మార్చినవాడే చెప్పడం న్యాయమనిపించింది.

పుస్తకాలన్నీ అప్పటికే అచ్చయి కట్టలు కట్టి ఉన్నాయి. సభ ఆదివారం. ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే ముందు నవ్వేశాడు. "రోజులు లెక్కపెట్టుకుంటూ ఎవరు చదువుతారండీ, మీరు తప్ప?" అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు కోపం కుర్రవాడి మీదికి మళ్ళింది. ఆ అబ్బాయిని అనవసరంగా తీసుకున్నానన్నాడు. అతన్ని ఏమైనా అంటే నేను సభకు రానని చెప్పాను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కడుపు నిండి ఉండటం వల్ల కావచ్చు.

మర్నాడు సాయంత్రం కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. అది జుమేరాతే. గేటు దగ్గర గిన్నెలతో, క్యాన్లతో జనం. కోడలు, కొడుకు పాలు కొలవలేక సతమతమవుతున్నారు. అబ్బాయి దారి పొడుగునా ఒకే మాట అన్నాడు, మీరే చెప్పండి సార్ అని. నేను చెప్పలేదు. అతనే మంచం ముందు నిలబడి, తలెత్తకుండా, మాట ఎట్లా మార్చాడో, దానివల్ల కథ ఎట్లా చెడిందో మొత్తం చెప్పాడు.

ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక, "ఇట్ల కూసో," అని మంచం చివర చూపించింది. "మీ దిక్కు జుమేరాత్ అంటె ఏం సమజైతది?"

"శుక్రవారం రాత్రి అనే అనుకున్నానండి అమ్మగారు. నాతో పనిచేసేవాళ్ళని అడిగాను. వాళ్ళూ అదే అన్నారు."

ఆమె మొహం గేటు వైపు తిప్పుకుంది. కోపమొచ్చిందనుకున్నాను. కానీ ఆమె మనసు ఇంకెక్కడో ఉంది. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది.

"అరె, నాకెందుకు తట్టలే? ఆ ఇన్‌స్పెక్టర్‌ను మీ దిక్కోణ్ణి చెయ్యాల్సి ఉండె. ఆడు గూడ నీ లెక్కనే శుక్రవారం రాత్రి అని రాసుకుంటడు. సాక్షి అబద్ధం చెప్తున్నడని ఆణ్ణి ఠాణల కూసోబెడ్తడు. అప్పుడు మన డిటెక్టివ్ వస్తడు. గట్లయితె ముడి ఎంత మంచిగ పడుతుండె!"

నేనూ అబ్బాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"తప్పు నీది గాదు బిడ్డా," అంది. "మా గల్లీ దాటితె గా మాట తెల్వదని నాకే ఎరుకలేకుండె. పుస్తకంల చెప్పాల్సింది నేను."

ఎన్నో సభల్లో నేను చెప్తూ వచ్చిన మాట ఒకటుంది. డిటెక్టివ్‌కు తెలిసిన ప్రతి ఆధారమూ పాఠకుడికి ముందే చూపించాలి, లేకపోతే అది ఆట కాదు, మోసం. ఈమె చూపించింది. కాకపోతే మూసీకి ఇవతల పుట్టినవాళ్ళకే అది కనపడుతుంది. ఆధారం చూపించడమంటే ఎవరికి చూపించడం అన్న ప్రశ్న నాకు అప్పటిదాకా రాలేదు. వేళలు లెక్క కట్టాను గానీ, వేళను చెప్పే మాటలు మనిషికో రకంగా వినిపిస్తాయని లెక్కలోకి తీసుకోలేదు.

ఆమె మనవరాలి కాపీ పుస్తకంలోంచి కాగితం చింపించింది. తను చెప్తుంటే అబ్బాయి రాశాడు. "మీ ఊరోణ్ణి పెడ్తున్న. కోపం రాదు గద?"

"పెట్టండి అమ్మగారు. కానీ మంచివాణ్ణి చెయ్యండి."

"మంచోడే. జర తొందర ఎక్కువ."

సగం పేజీ అయింది. ఇన్‌స్పెక్టర్ శుక్రవారం రాత్రి అని రాసుకుంటాడు, వరంగల్ పెళ్ళి సంగతి చెప్పి భట్టీ పనివాణ్ణి అబద్ధాలకోరని కసురుతాడు. డిటెక్టివ్ పక్కనే నిలబడి, జుమేరాత్ బజార్ ఏ రోజు పెడతారు సార్ అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. అంతే. ఏళ్ళ తరబడి కలం ముట్టని మనిషి, పాల కోసం జనం అరుస్తుంటే, కూర్చున్నచోట కూర్చుని అల్లేసింది. ఎక్కడా కొట్టివేత లేదు.

శుక్రవారం ఆ సగం పేజీని చిన్న కాగితం మీద అచ్చు వేయించారు. శనివారమంతా ఆ అబ్బాయి ఒక్కడే గోదాంలో కూర్చుని ప్రతి పుస్తకంలో సాక్ష్యం ఉన్న పేజీ తీసి, 'శుక్రవారం రాత్రి' మీద గీత కొట్టి, పక్కన 'జుమేరాత్' అని చేత్తో రాసి, ఆ కాగితం అతికించాడు. ఎవరైనా సాయం వస్తామంటే వద్దన్నాడట.

ఆదివారం హాలు నిండింది. బహదూర్‌పురానుంచి పాలు పోయించుకునేవాళ్ళు కూడా వచ్చారు. ఇన్నాళ్ళూ తమకు పాలు పోసిన మనిషి ఇన్ని ఖూనీలు చేసిందా అని వాళ్ళ ఆశ్చర్యం. నేను మైకు తీసుకుని తప్పుల జాబితా ఏదీ చదవలేదు. జుమేరాత్ అంటే ఏ రోజు అని మాత్రం అడిగాను. హాలు రెండుగా చీలింది. పాతబస్తీవాళ్ళు గురువారం అని కేకేశారు. అవతలివైపువాళ్ళలో చాలామంది శుక్రవారం రాత్రి అన్నారు. కాసేపు పెద్ద లొల్లి. అది సద్దుమణిగాక, ఈ పుస్తకంలో హంతకుడు బతికింది ఈ లొల్లిలోనే, ఆఖరికి దొరికిందీ ఇందులోనే అని చెప్పి, కొత్త సగం పేజీ చదివాను. చప్పట్లు చాలాసేపు పడ్డాయి. తప్పు దొరికినందుకు పడే చప్పట్లు కావు అవి. వెనక వరసలో అబ్బాయి తల దించుకుని నవ్వుకుంటున్నాడు. ప్రచురణకర్త అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు.

తర్వాత ఆమె బల్ల ముందు కూర్చుని, అడిగినవాళ్ళందరికీ తన సొంత పేరు రాసి ఇచ్చింది. ఒక్కో అక్షరం చెక్కినట్టు రాస్తోంది. వరస తగ్గాక నన్ను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, నువ్వు మీటింగులల్ల నా నాంపల్లి బండి గురించి మస్తు చెప్తవట గద. వేళ మంచిగ కుదిరిందని."

"అవునమ్మా. ఎప్పుడూ చెప్తాను."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గా బండి నేనెన్నడు ఎక్కలే. ఉన్నదో లేదో గూడ నాకెరుకలేదు. ఆడు పొద్దుగాల వరంగల్‌ల ఉండాలె గద, గందుకని రాసిన."

నా చేతిలో పుస్తకం తీసుకుని, మొదటి పేజీలో తన పేరు రాసి, చల్లగా నా చేతికిచ్చింది.

ఆ కాలపు టైంటేబుల్ మా ఇంట్లోనే ఉంది. అటక ఎక్కితే ఒక్క నిమిషం పని. ఇప్పటిదాకా ఎక్కలేదు.